కార్మిక సంఘ నాయకులపై హింస

కార్మిక సంఘ నాయకులపై హింస అనగా కూలి రేట్లు, పని గంటలు, ఉద్యోగ భద్రత మొదలగు విషయములలో కార్మికుల పక్షమున బహిరంగముగా మాట్లాడు నాయకులపై జరుగు హత్యలు, దాడులు, బెదిరింపులు, నిర్బంధములు. భారతదేశములో అబ్దుల్ బారీ (1947), కృష్ణా దేశాయ్ (1970), శంకర్ గుహా నియోగి (1991), దత్తా సామంత్ (1997) ఈ విధముగా మరణించిన ప్రముఖులు. తెలుగువారి ప్రాంతమైన యానాంలో 2012లో జరిగిన ఘటనలో ఒక సంఘ నాయకుడు, ఒక కర్మాగార అధికారి ఒకే రోజున మరణించారు.

ఈ హింసకు ముందు, వెనుక కూడా అనుమానము ఉండును. నాయకుడు బ్రతికియుండగా యజమానులు, పోలీసులు, ఒక్కొక్కప్పుడు తోటి కార్మికులు సైతము అతనిని అనుమానింతురు. అతడు మరణించిన తరువాత ఆ అనుమానము దిశ మారి, చంపించినది ఎవరను ప్రశ్నగా మిగులును. పెక్కు కేసులలో ఆయుధము పట్టిన వ్యక్తి దొరికినను, అతనిని పంపినవారు ఎవరన్నది న్యాయస్థానములో రుజువు కాలేదు.

చట్టపు నేపథ్యము

గుంటూరు, పల్నాడు ప్రాంతములు మద్రాసు రాష్ట్రములో భాగముగా ఉన్న కాలములో, 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడినది. దేశములో క్రమబద్ధముగా ఏర్పడిన తొలి కార్మిక సంఘములలో ఇది ఒకటి. దీనికి అధ్యక్షుడు బి.పి.వాడియా. ఆయన మిల్లు కార్మికుడు కాడు, అనీ బిసెంట్ సహచరుడు, దివ్యజ్ఞాన సమాజమునకు చెందినవాడు. బిన్నీ కంపెనీ నడుపుచున్న బకింగ్‌హాం మిల్లులో 1920లో లాకౌటు ఏర్పడినపుడు, కంపెనీవారు మద్రాసు హైకోర్టులో వాడియా మీద, ఇతర నాయకుల మీద దావా వేశారు. కార్మికులకు, కంపెనీకి మధ్య నున్న ఒప్పందమును భంగపరచుటకు వీరు ప్రేరేపించినారన్నది అభియోగము. కోర్టు నిషేధ ఉత్తర్వు ఇచ్చినది. చివరకు 1921లో కుదిరిన రాజీలో వాడియా కార్మికోద్యమము నుండి తప్పుకొనవలసి వచ్చినది. ఆయనపై ఎవరును చేయి చేసికొనలేదు. కాని మాట్లాడు మనిషిని తొలగించినచో సంఘము దానంతట అది చల్లబడునను ఆలోచన ఈ దావాలో స్పష్టముగా కనిపించును.

ఈ దావా దేశమంతట చర్చకు దారి తీసినది. ఎన్.ఎం.జోషి కేంద్ర శాసనసభలో సంఘములకు చట్ట రక్షణ కోరుచు తీర్మానము తెచ్చారు. తత్ఫలితముగా 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టము ఆమోదింపబడి 1927 జూన్ 1 నుండి అమలులోకి వచ్చినది. ఇందులోని 17వ విభాగము నమోదైన సంఘముల నాయకులకు నేరపూరిత కుట్ర అభియోగము నుండి, 18వ విభాగము సివిలు దావాల నుండి రక్షణ కలిగించినవి. నేరము చేయుటకే కుదుర్చుకొన్న ఒప్పందమునకు మాత్రము ఈ రక్షణ వర్తించదు. 22వ విభాగము కార్యవర్గములో సగము మంది వరకు ఆ పరిశ్రమలో పనిచేయని బయటివారు ఉండవచ్చునని అనుమతించినది.

అయినను కుట్ర యను మాట అంతటితో పోలేదు. 1929 మార్చిలో రైల్వే, జౌళి సంఘముల నాయకులను ముప్ఫై మందికి పైగా పట్టుకొని మీరట్‌లో కుట్ర కేసు పెట్టారు. విచారణ నాలుగేండ్ల వరకు సాగినది. అదే కాలములో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వము వహించిన తెలుగువాడు వి.వి.గిరి తరువాతి కాలములో కేంద్ర కార్మిక మంత్రి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. కార్మిక నాయకుడు ఎంతవరకు ఎదుగవచ్చునో చెప్పుటకు ఆయన ఉదాహరణ. అయితే అటువంటి ఉదాహరణలు తక్కువ.

అనుమానము పుట్టు తీరు

నాయకునిపై అనుమానము ఒకే వైపు నుండి రాదు. యజమాని దృష్టిలో అతడు ప్రశాంతముగా పని చేసికొనువారిని రెచ్చగొట్టు బయటివాడు. పోలీసు దృష్టిలో శాంతిభద్రతల సమస్య. సమ్మె నోటీసు వెలువడిన వెంటనే నాయకులను బైండోవరు చేయుట మన రాష్ట్రములలో వాడుక. ఇది 2024 జూలై 1 వరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 107వ విభాగము క్రింద జరిగెడిది. అప్పటి నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 126వ విభాగము క్రింద జరుగుచున్నది. పలుమార్లు కేసులలో పేరు చేరినవానిపై రౌడీషీటు తెరచు అవకాశమున్నది. ఒకసారి ఆ పేరు పడినచో, రేపు అతనిపై దాడి జరిగినను లోకము దానిని రౌడీల మధ్య తగాదాగానే చూచును.

మూడవ అనుమానము తోటి కార్మికులది. ఒప్పందము కుదిరిన మరునాడు, అడిగినదానిలో సగమే వచ్చినదేమని వారు ప్రశ్నింతురు. మూసిన తలుపుల వెనుక చర్చలు జరిగినచో అమ్ముడుపోయినాడందురు. చర్చలకు పోకున్నచో మొండివాడందురు. చందాల లెక్క సకాలములో చూపని నాయకునికి ఈ అనుమానము తప్పదు. నిక్కముగా డబ్బు తీసికొన్న నాయకులును లేకపోలేదు. వారి వలన నిజాయితీపరులు కూడ నిందపడిరి.

గుంటూరు, ప్రకాశం, పల్నాడు మైదానములలో ఈ విషయమునకు మరియొక పార్శ్వము కలదు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో నేడు భాగమైన దాచేపల్లి, దాని పరిసరములలోని నడికుడి, పిడుగురాళ్ల ప్రాంతము సున్నపురాతికి ప్రసిద్ధి. సిమెంటు కర్మాగారములు, సున్నపు బట్టీలు ఇచట నెలకొన్నవి. పొలములలో పండిన ప్రత్తి జిన్నింగు మిల్లులకు, మిరప గుంటూరు యార్డుకు చేరును. ఈ సరుకంతయు బస్తాలుగా కదలును. బస్తాలు మోయువారు ముఠాలుగా ఏర్పడి, బస్తాకింత అని రేటు కుదుర్చుకొని పని చేయుదురు. వీరి కొరకు 1976లోనే ఆంధ్రప్రదేశ్‌లో ముఠా, జట్టు, హమాలీ తదితర శారీరక శ్రమ చేయు కార్మికుల చట్టము వచ్చినది. ముఠాకు పెద్ద మేస్త్రి. పని తెచ్చువాడు, కూలి పంచువాడు, అవసరమైనపుడు రేటు పెంచుమని గట్టిగా అడుగువాడు అతడే. కనుక వ్యాపారి అతనిని యూనియన్ మనిషి అనును, ముఠాలోనివారు వ్యాపారి మనిషి అందురు.

ఇచట సమ్మె ప్రభావము సీజనుతో ముడిపడి ఉండును. వేసవిలో మిరప యార్డుకు వచ్చు రోజులలో హమాలీలు పని ఆపినచో ముందుగా నష్టపోవువాడు వ్యాపారి కాదు. బండి దగ్గర నిద్రకాచుచు, సరుకు ఆరి తూకము తగ్గునని భయపడుచున్న రైతు. కౌలు కట్టి, అప్పు తెచ్చి పండించిన చిన్న రైతునకు హమాలీ నాయకుని మీద కోపము వచ్చుట సహజము. ఇరువురును పేదవారే. కార్మిక నాయకునిపై హింసను ధనవంతునికి, బీదవానికి మధ్య జరుగు పోరుగా మాత్రమే వర్ణించువారు ఈ సంగతిని వదలివేయుదురు.

ఇంకొకటి, పల్నాడు కక్షల రాజకీయములకు పేరుపడిన ప్రాంతము. ఇటువంటి చోట కార్మిక వ్యవహారములలో తిరుగు మనిషిపై దాడి జరిగినచో, గ్రామ కక్షలు, పార్టీ తగాదాలు అను శీర్షిక క్రింద అది సులభముగా కలిసిపోవును. కూలి తగాదాయా, పాతకక్షయా అన్నది తేల్చుటకు కష్టపడవలసినది దర్యాప్తు అధికారి. ఆ కష్టము పడనిచో కార్మిక కోణము కాగితము మీదకే రాదు.

శంకర్ గుహా నియోగి హత్య

ఈ అంశమునకు సంబంధించి భారతదేశములో మిక్కిలి వివరముగా విచారణకు వచ్చిన కేసు ఛత్తీస్‌గఢ్‌కు చెందిన శంకర్ గుహా నియోగిది. ఛత్తీస్‌గఢ్ తెలుగు రాష్ట్రములకు సరిహద్దు. అచటి భిలాయి ఉక్కు నగరములో తెలుగు కుటుంబములు కూడ స్థిరపడినవి.

నియోగి 1943లో బెంగాల్‌లో జన్మించారు. భిలాయి ఉక్కు కర్మాగారములో పనిచేయుచు కార్మికోద్యమములో పాల్గొనినందున ఉద్యోగము పోగొట్టుకొన్నారు. తరువాత గనులలో కూలిగా పనిచేసి, అత్యవసర పరిస్థితి కాలములో మీసా చట్టము క్రింద జైలులో ఉన్నారు. 1977లో దల్లీ రాజహరా ఇనుప గనులలోని కాంట్రాక్టు కూలీలు పెద్ద సంఘములను వీడి ఆయన నాయకత్వములో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌ను స్థాపించుకొన్నారు. ఆ ఏటనే జూన్ 2, 3 తేదీలలో నియోగిని అరెస్టు చేసిన సందర్భములో జరిగిన పోలీసు కాల్పులలో 11 మంది మరణించారు.

నియోగి సంఘము కూలి పెంపుతో ఆగలేదు. కూలి పెరిగిన కొద్దీ సారా దుకాణములకు పోవు డబ్బు పెరుగుట చూచి మద్యపాన వ్యతిరేక ఉద్యమము నడిపినది. కార్మికుల చందాలతో, శ్రమదానముతో 1983లో దల్లీ రాజహరాలో షహీద్ ఆసుపత్రి నెలకొల్పినది. గనులలో యంత్రములు ప్రవేశపెట్టినపుడు కూలీల ఉపాధి పోకుండ పాక్షిక యాంత్రీకరణ పద్ధతిని ప్రతిపాదించినది. సారా ఉద్యమము వలన కాంట్రాక్టర్లకు, వ్యాపారులకు ఆయన శత్రువైనారు. కూలి రేటు గురించి మాత్రమే మాట్లాడు నాయకునితో బేరమాడవచ్చును. కార్మికుని జీవితమంతటి గురించి మాట్లాడు నాయకునితో బేరము కుదరదు. ఆయనపై పెరిగిన పగకు ఇది ఒక కారణమని ఈ చరిత్ర చదివినవారికి తోచును.

1990లో నియోగి భిలాయి పరిసరములలోని ప్రయివేటు కర్మాగారముల కాంట్రాక్టు కార్మికులను సమీకరించుట మొదలిడినారు. జీవనమునకు సరిపడు వేతనము, ఉద్యోగముల స్థిరీకరణ, సంఘము పెట్టుకొను హక్కు వారి కోరికలు. పలువురు కార్మికులు పని నుండి తొలగింపబడిరి. కార్యకర్తలపై దాడులు జరిగినవి. 1991 ఫిబ్రవరిలో పాత కేసులపై నియోగిని అరెస్టు చేశారు. విడుదలైన తరువాత జిల్లాల నుండి ఆయనను బహిష్కరించు ప్రయత్నము కూడ జరిగినది. తనకు ప్రాణహాని ఉన్నదని ఆయన ముందుగానే తెలిసికొన్నారు. తన అనుమానములను వ్రాసి ఉంచారు, ధ్వనిముద్రణ చేసి ఉంచారు. సెప్టెంబరులో కార్మిక ప్రతినిధులతో ఢిల్లీకి వెళ్లి రాష్ట్రపతికి వినతిపత్రము సమర్పించి వచ్చారు.

1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయిలోని హడ్కో కాలనీ ఇంటిలో నిద్రించుచుండగా కిటికీ గుండా ఆయనను కాల్చి చంపారు. కేసు సి.బి.ఐ.కి అప్పగింపబడినది. 1997 జూన్‌లో దుర్గ్ సెషన్స్ కోర్టు కాల్పులు జరిపిన పల్టన్ మల్లాకు మరణశిక్ష, కుట్ర అభియోగముపై ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా మరి ఐదుగురికి యావజ్జీవ శిక్ష విధించినది. మరుసటి ఏడు మధ్యప్రదేశ్ హైకోర్టు అందరిని నిర్దోషులుగా విడిచిపెట్టినది. 2005 జనవరి 20న సుప్రీం కోర్టు పల్టన్ మల్లా ఒక్కని దోషిగా నిర్ధారించి యావజ్జీవ శిక్ష విధించి, మిగిలినవారి విడుదలను ఖాయపరచినది.

చట్టము దృష్టిలో మిగిలినవారు నిర్దోషులు, ఆ మాటను మన్నించవలసినదే. కాని నియోగితో ఏ పరిచయము, ఏ తగాదా లేని ఒక వ్యక్తి అర్ధరాత్రి దాటిన తరువాత కిటికీ వద్దకు ఎందులకు వచ్చినాడను ప్రశ్నకు ఆ తీర్పుతో సమాధానము దొరకలేదు. కుట్ర చాటున జరుగును. దానికి సాక్షులు దొరకుట అరుదు, దొరికినవారు కోర్టులో నిలుచుట ఇంకను అరుదు. చనిపోయిన వ్యక్తి వ్రాసిపెట్టుకొన్న అనుమానము ఎంత బలమైనదైనను సాక్ష్యపు గొలుసులో తెగిన లంకెను అది పూరింపజాలదు.

నియోగి మరణానంతరము భిలాయి ఉద్యమము కొనసాగినది. 1992 జూలై 1న భిలాయిలో రైలు పట్టాలపై కూర్చున్న కార్మికులపై జరిగిన పోలీసు కాల్పులలో పదిహేను మందికి పైగా మరణించారు. షహీద్ ఆసుపత్రి ఆ తరువాతి దశాబ్దములలోను నడిచినది.

ఇతర ప్రముఖ ఘటనలు

జంషెడ్‌పూర్‌లోని టాటా వర్కర్స్ యూనియన్ అధ్యక్షుడు అబ్దుల్ బారీ బీహారు కాంగ్రెసు అధ్యక్షుడు కూడ. 1947 మార్చి 28న ప్రయాణములో ఉండగా ఒక కాపలాదారునితో జరిగిన వాగ్వాదములో కాల్పులకు గురై మరణించారు. బొంబాయి మిల్లు ప్రాంతమైన లాల్‌బాగ్‌లో కమ్యూనిస్టు శాసనసభ్యుడు కృష్ణా దేశాయ్ 1970 జూన్ 5న హత్యకు గురయ్యారు. ఆ స్థానమునకు జరిగిన ఉపఎన్నికలో శివసేన తన తొలి శాసనసభ్యుని గెలిపించుకొన్నది.

బొంబాయి మిల్లులలో తెలంగాణ నుండి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబములవారు చాలామంది పనిచేసెడివారు. 1982 జనవరి 18న వైద్యుడైన దత్తా సామంత్ నాయకత్వములో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొనిరి. ఆ సమ్మె ఫలించలేదు, పెక్కు మిల్లులు మరల తెరుచుకొనలేదు. మిల్లుల భూములు బంగారము కంటె ప్రియమైన కాలములో, 1997 జనవరి 16న పొవాయిలో ఇంటి సమీపమున సామంత్ వాహనమును అడ్డగించి కాల్చి చంపారు. కొందరికి శిక్షలు పడినవి. కుట్రకు సూత్రధారి అని అభియోగము మోపబడిన మాఫియా నాయకుడు ఛోటా రాజన్‌ను సాక్ష్యము చాలనందున 2023 జూలైలో ప్రత్యేక న్యాయస్థానము విడిచిపెట్టినది. అప్పటికి హత్య జరిగి 26 ఏండ్లు గడిచినవి.

యానాం ఘటన (2012)

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమునకు చెందినదైనను గోదావరి ఒడ్డున, కాకినాడకు చేరువలో ఉన్న తెలుగు పట్టణము. ఇచటి రీజెన్సీ సిరామిక్స్ టైల్సు కర్మాగారములో వేతనముల పెంపు, కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ కోరుచు 2012 జనవరిలో కార్మికులు ఆందోళన సాగించారు. సంఘ నాయకుడు మురళీమోహన్. జనవరి 27 ఉదయము కర్మాగారము వద్ద కార్మికులకు, పోలీసులకు ఘర్షణ జరిగి లాఠీఛార్జి చేయబడినది. మురళీమోహన్ మరణించారు. లాఠీ దెబ్బల వలననే మరణము సంభవించినదని కార్మికులు ఆరోపించారు.

వార్త తెలిసిన కొద్ది గంటలలో పట్టణము అదుపు తప్పినది. పోలీసు స్టేషనుపై, కర్మాగారముపై దాడి జరిగినది. యంత్రములకు, వాహనములకు నిప్పు పెట్టారు. కర్మాగారములో ఉన్నతాధికారియైన కె.సి.చంద్రశేఖర్‌పై జరిగిన దాడిలో ఆయన ప్రాణములు కోల్పోయారు. పోలీసు కాల్పులలో పలువురు గాయపడిరి. ఆ పైన కర్మాగారము మూతపడి చాలా ఏండ్లు తెరుచుకొనలేదు. ఏ ఉద్యోగముల భద్రత కొరకు ఆందోళన ఆరంభమైనదో ఆ ఉద్యోగములే పోయినవి.

నియోగి మరణించినపుడు కార్మికులు ప్రతీకారమునకు దిగలేదు, అంత్యక్రియలకు వేలమంది క్రమశిక్షణతో నడిచి వచ్చారు. యానాంలో అట్లు జరుగలేదు. నాయకుడే బేరసారములకు, కోపమునకు మధ్య గోడ. ఆ గోడ కూలిన వెంటనే గుంపును ఆపగల మాట చెప్పువాడు అచట మిగులలేదు. లాఠీ ఎవరి ఆజ్ఞపై లేచినదను ప్రశ్న ఎంత ముఖ్యమో, చంద్రశేఖర్‌ను ఎవరు కొట్టినారను ప్రశ్నయు అంతే ముఖ్యము. ఒక మరణమును చెప్పి రెండవది దాచు కథనములు ఇరువైపులా వెలువడినవి.

అదే ఏడు జూలై 18న హర్యానాలోని మారుతి మనేసర్ కర్మాగారములో జరిగిన అల్లర్లలో మానవ వనరుల అధికారి అవనీశ్ కుమార్ దేవ్ మరణించారు. 2017లో న్యాయస్థానము 13 మందికి యావజ్జీవ శిక్ష విధించినది. వారిలో అత్యధికులు సంఘ కార్యవర్గ సభ్యులు. 117 మంది నిర్దోషులుగా విడుదలైనారు. వారిలో పలువురు అప్పటికే ఏండ్ల తరబడి జైలులో గడిపియున్నారు.

సంఘముల లోపలి వైరములు

నాయకుని శత్రువు ఎల్లప్పుడు యజమానియే కానక్కరలేదు. ఒకే కర్మాగారములో పలు సంఘములున్నచో సభ్యత్వము కొరకు, గుర్తింపు కొరకు తగాదాలు పుట్టును. సింగరేణి గనులలో పదుల కొద్దీ సంఘములుండి తరచు సమ్మెలు జరిగెడివి. ఎవరితో ఒప్పందము చేసికొనవలెనో తేలక పోయెడిది. 1998లో రహస్య ఓటింగు పద్ధతిన గుర్తింపు సంఘమునకు ఎన్నికలు ప్రవేశపెట్టిన తరువాత ఈ చిక్కు చాలవరకు తగ్గినది.

సంఘము లోపలి నుండి వచ్చిన హింసకు ప్రపంచ ప్రసిద్ధ ఉదాహరణ అమెరికాలోనిది. గని కార్మికుల సంఘ ఎన్నికలలో అధ్యక్షుడు టోనీ బాయిల్‌పై పోటీ చేసి, అవినీతిని బయటపెట్టిన జోసెఫ్ యాబ్లాన్‌స్కీని 1969 డిసెంబరు 31న భార్య, కుమార్తెతో సహా ఇంటిలోనే కాల్చి చంపారు. దర్యాప్తు కిరాయి హంతకుల వద్ద ఆగక, డబ్బు ఏ ఖాతా నుండి వచ్చినదో వెదకుచు మెట్టు మెట్టు పైకి పోయి చివరకు బాయిల్‌నే చేరినది. 1974లో అతడు దోషిగా తేలినాడు. బ్రెజిల్‌లో రబ్బరు తీయు కూలీల నాయకుడు చికో మెండిస్ 1988 డిసెంబరు 22న హత్యకు గురైనపుడును 1990లో కాల్చిన యువకునితో పాటు ఆజ్ఞాపించిన అతని తండ్రి, ఒక పశువుల భూస్వామి, శిక్ష పొందినాడు. సూత్రధారిని చేరుట అసాధ్యము కాదని ఈ రెండు కేసులు తెలుపుచున్నవి.

ప్రస్తుత చట్టము

సంఘము పెట్టుకొను స్వేచ్ఛకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87వ (1948), సామూహిక బేరసారములకు సంబంధించిన 98వ (1949) ఒడంబడికలను భారతదేశము ఆమోదింపలేదు. 2001 నాటి సవరణతో కర్మాగారముల సంఘములలో బయటివారి సంఖ్య మూడింట ఒక వంతు లేక ఐదుగురు, ఈ రెంటిలో ఏది తక్కువైన దానికి పరిమితమైనది. అసంఘటిత రంగములో సగము వరకు అనుమతి కొనసాగినది.

1926 చట్టము స్థానములో పారిశ్రామిక సంబంధముల నియమావళి, 2020 వచ్చినది. ఇది 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. నాయకులకు కుట్ర అభియోగము నుండి, సివిలు దావాల నుండి ఉన్న పూర్వపు రక్షణలు ఇందులోను కలవు. సమ్మెకు 14 దినముల ముందు నోటీసు ఇచ్చుట అన్ని పారిశ్రామిక సంస్థలకు తప్పనిసరి. చట్టవిరుద్ధమని తేలిన సమ్మెలో పాల్గొన్న కార్మికునికి వేయి రూపాయల నుండి పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా ఒక నెల వరకు జైలు. అటువంటి సమ్మెకు ప్రేరేపించినవారికి జరిమానా పదివేల నుండి యాభైవేల రూపాయల వరకు.